అనప గింజకు రైజోబియం పట్టించి నాటండి

బెంగళూరులో మేడ మీద తొట్లలో అనప, అలసంద, బీన్స్ వేసే మనవాళ్లకు ఒక మాట. యూరియా జోలికి పోకుండా ముందు గింజకు రైజోబియం పట్టించండి. ఈ బాక్టీరియా వేళ్ల మీద బుడిపెల్లో చేరి, గాలిలోని నత్రజనిని మొక్క తీసుకోగలిగే రూపంలోకి మారుస్తుంది. మొక్క దానికి చక్కెరలు ఇస్తుంది.

చల్లారిన బెల్లం నీళ్లలో రైజోబియం పొడి కలిపి, గింజలకు పట్టించి, నీడలో ఆరబెట్టి అదే రోజు నాటాలి. ఎండ తగిలితే బాక్టీరియా చచ్చిపోతుంది. అన్ని పప్పుజాతులకూ ఒకే రకం రైజోబియం పనిచేయదు, కాబట్టి కొనేటప్పుడు ఏ పంటకో తప్పకుండా చెప్పండి. గడువు తేదీ కూడా చూడండి. తెగుళ్ల మందు పట్టించిన గింజలు మాత్రం వద్దు.

టమాటా, వంగ, మిరపకు రైజోబియం పనికిరాదు. వాటికి హెసరఘట్టలోని ఐఐహెచ్‌ఆర్ (భారత ఉద్యాన పరిశోధన సంస్థ) తయారుచేసిన అర్క మైక్రోబియల్ కన్సార్షియం అనే మేలుచేసే సూక్ష్మజీవుల మిశ్రమాన్ని లీటరు నీటికి 20 గ్రాములు కలిపి మొక్క మొదట్లో పోయండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, రాత్రంతా బకెట్లో మూత లేకుండా ఉంచి వాడితే మంచిది.

నెల దాటాక ఒక మొక్క పీకి, బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే పని జరుగుతున్నట్టే. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే లేదు. నాకైతే పూత కంటే ఆ గులాబీ రంగే ఎక్కువ సంతోషం! కాపు అయ్యాక మొక్కను పీకేయకుండా మొదలు దగ్గర కోసి, వేళ్లను మట్టిలోనే వదిలి, అదే తొట్టిలో తోటకూర చల్లుకోండి.