స్టేషన్ లేఅవుట్‌లో ఎన్ని రైళ్లు పడతాయో ఇలా చూడండి

నిడదవోలు లాంటి జంక్షన్ డ్రాయింగ్ చేతికొస్తే అందరూ ముందు ప్లాట్‌ఫారాలే లెక్కపెడతారు, కానీ అసలు చూడాల్సింది రెండు చివర్లా ఉండే పాయింట్లు, అంటే బండి ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మారే చోట్లు. భీమవరం నుంచి వచ్చి రాజమండ్రి వైపు వెళ్లే బండి విజయవాడ వైపు పోయే లైన్‌ని కోసుకుంటూ దాటాలా, దాటితే ఆ కాసేపూ ఇంకే రూట్లు ఆగిపోతాయి, పేపర్ మీద గీసుకుని చూడండి, కెపాసిటీ ఎక్కువగా పోయేది ఇక్కడే. తర్వాత పాయింట్ల మీద స్పీడ్. 24 కోచ్‌ల ఎల్‌హెచ్‌బీ (కొత్త రకం పెట్టెల) రైలు ఇంజన్‌తో కలిపి దాదాపు 600 మీటర్లు, 30 కిలోమీటర్ల స్పీడ్‌లో అది దాటడానికే నిమిషం పైన, 15 అయితే రెండున్నర నిమిషాలు. లూప్ లైన్‌లో, అంటే బండి ఆగడానికి మెయిన్ లైన్ నుంచి పక్కకి తీసిన పట్టాలో, ఆ పొడవు పట్టకపోతే తోక మెయిన్ లైన్ మీదే ఉండిపోద్ది. ప్లాట్‌ఫారం లెక్క తేలికే, హాల్ట్ 5 నిమిషాలు, రాకపోకలకీ రూట్ సెట్ చేయడానికీ ఇంకో 5 అనుకుంటే ఒక్కో ప్లాట్‌ఫారానికి గంటకి 6 బళ్లు, కానీ లేట్‌గా వచ్చేవాటికి ఖాళీ ఉంచాలి కదా, నేనైతే 4 కంటే ఎక్కువ రాయను.