కోచ్ మందలింపు, కుర్రాడి పెద్ద మాటలు: కథలో ఈ సన్నివేశం రాయడం ఎలా

ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా పట్టణం పర్లాకిమిడి నేపథ్యంగా కబడ్డీ కథ రాస్తూ, తెలుగు ఇంటి నుంచి ఒడియా బడికి వెళ్లే కుర్రాడి పెద్ద మాటలను కోచ్ అడ్డుకునే సన్నివేశం పెట్టదలిస్తే, ముందుగా ఆ మాటలు వాడికి ఎక్కడి నుంచి వచ్చాయో నిర్ణయించుకోవాలి. ఒడియాలో వాడుకగా వినిపించే ‘ప్రతిద్వంద్వి’ (ప్రత్యర్థి) వంటి సంస్కృత పదం తెలుగు వాక్యంలోనూ సులువుగా ఇమిడిపోతుంది కాబట్టి, వాడు గొప్పకు కాక అలవాటుగానే అంటున్నాడని చూపవచ్చు; అప్పుడు మందలింపు పాఠకుడికి కాస్త గుచ్చుకుంటుంది.

కోచ్ అభ్యంతరానికి కారణం ఆటలోనే ఉండాలి. కూతకు దొరికేది 30 సెకన్లే. “ప్రతిద్వంద్వి వామపార్శ్వం బలహీనంగా ఉంది మాస్టారూ” అని వాడు గీత బయటి నుంచి అరిచినప్పుడు, “ఆ ముక్క నువ్వు ముగించీసరికి మనోడు పట్టుబడిపోతాడ్రా, ఎడం మూల కాళీ అను, సాలు” అని ఆయన చేత అనిపించాలి. యాసను ఒకటి రెండు చోట్ల చిలకరిస్తే సరిపోతుంది. ప్రతి అక్షరాన్నీ వంచితే వెక్కిరింతలా ఉంటుంది.

వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఊరు ఇదే. ఆయన జన్మదినమైన ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. హాకీ దిగ్గజం ధ్యాన్ చంద్ కూడా అదే తేదీన పుట్టినందున అది జాతీయ క్రీడా దినోత్సవం కూడా. కథను ఆ రోజున నడపవచ్చు గానీ, ఈ సంగతిని పాత్రల చేత ఉపన్యాసంగా చెప్పించకూడదు.

కోచ్‌ను మూర్ఖుడిగా చిత్రించడం నాకు నచ్చదు. మైదానంలో వద్దన్న ఆ భాషలోనే, కొత్త మ్యాట్ కోసం పెట్టే అర్జీని ఆయనే వాడి చేత రాయించుకుంటే, ఇద్దరి బంధం ఒక్క పేరాలో తేలిపోతుంది.