గల్ఫ్‌లో సర్కారు ఆఫీసు పనికి పోతున్నారా? మంట, గ్యాస్ విషయంలో మొదటి వారంలోనే చూసుకోవాల్సినవి

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, వరంగల్ దిక్కు నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లంతా బిల్డింగ్ పనులకే పోరు. మంత్రిత్వ శాఖల ఆఫీసుల్లో, మున్సిపాలిటీల్లో, సర్కారు దవాఖానల్లో ఆఫీస్ బాయ్‌గా, క్లీనర్‌గా, ప్యాంట్రీలో, సెక్యూరిటీలో, ఏసీ మెకానిక్‌గా చేరేవాళ్లూ ఉంటారు. ఆ భవనాల్లో అలారాలు, నీళ్లు చల్లే స్ప్రింక్లర్లు, మంట ఆర్పే సిలిండర్లు మామూలుగా బాగానే ఉంటాయి. చిక్కు ఇంకోచోట ఉంది. మీకు జీతమిచ్చేది కాంట్రాక్టు కంపెనీ, మీరు పనిచేసేది సర్కారు భవనం. మంట లేచినప్పుడు బయట హాజరు తీసేది ఆ శాఖ సిబ్బంది జాబితా చూసే. అందులో మీ పేరు లేకపోతే మీరు లోపలే చిక్కుకున్నా, అందరూ బయటకొచ్చినట్టు లెక్క తేలిపోతుంది.

కాబట్టి చేరిన రోజే మీ అంతస్తు ఫైర్ వార్డెన్, అంటే మంట వేళ జనాన్ని బయటికి పంపే బాధ్యుడు, ఎవరో అడిగి తెలుసుకోండి. మీ పేరు, పని వేళలు ఆయన జాబితాలో రాయించండి. సూపర్‌వైజర్ "అదంతా కంపెనీ చూసుకుంటది" అంటే ఊరుకోకండి. కంపెనీ దగ్గర జాబితా ఉండొచ్చు కానీ మంట వేళ అది గేటు కాడికి రాదు. సాయంత్రం, రాత్రి షిఫ్టులవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి. మంట వేళ బయటికి పోయే ప్లాన్ రాసింది ఆఫీసు వేళలకు. మధ్యాహ్నం దాటాక వార్డెన్లు ఇంటికి పోతారు, కొన్ని తలుపులకు తాళాలు పడతాయి. ఆ వేళ ఏ తలుపు తెరిచి ఉంటుందో, తాళం ఎవరి దగ్గర ఉంటుందో, హాజరు ఎవరు తీస్తారో సెక్యూరిటీ గదిలో కనుక్కోండి. బయటికి పోయే దారికి రాత్రి తాళం వేస్తున్నారని తెలిస్తే అదే రోజు రాతపూర్వకంగా చెప్పండి, వాట్సాప్ మెసేజ్ అయినా సరే.

దారిని కాగితం మీద చూస్తే చాలదు, నడిచి చూడాలి. మీరు ఎక్కువసేపు ఉండే చోటు నుంచి రెండు వేర్వేరు మెట్ల దారులు నడవండి. మధ్యలో ఎన్ని తలుపులు వస్తాయో లెక్కపెట్టుకోండి. పొగలో కళ్లు పనిచేయవు, చేతికి తగిలే తలుపుల లెక్కే దారి చూపుతుంది. మెట్లు దిగాక అసెంబ్లీ పాయింట్, అంటే బయట అందరూ చేరాల్సిన చోటు, దాకా పోండి. మేడారం జాతరకు పోతే, తప్పిపోయినవాళ్లు ఎక్కడ కలవాలో ముందే మాట్లాడుకుంటాం కదా, ఇదీ అంతే. ఆకుపచ్చ బోర్డు మీద నాలుగు మూలల నుంచి నడుమనున్న మనుషుల వైపు బాణాలుంటాయి. అక్కడికి చేరాక హాజరు అయ్యేదాకా కదలొద్దు. ఎండగా ఉందని పక్క నీడకో, బస్సు కాడికో పోతే మిమ్మల్ని వెతకడానికి ఒక ఫైర్‌మన్ మళ్లీ పొగలోకి పోవాల్సి వస్తుంది.

బ్యాడ్జితో తెరుచుకునే తలుపులు చాలావరకు అలారం మోగగానే వాటంతటవే వదులుతాయి. వదలకపోతే పక్కనే ఆకుపచ్చ డబ్బా ఉంటుంది, దాన్ని నొక్కితే తలుపును పట్టి ఉంచే అయస్కాంతం వదులుతుంది. ఎర్ర డబ్బా అలారం మోగించడానికి, ఆకుపచ్చది తలుపు తెరవడానికి. కంగారులో రెండూ తారుమారు చేసేవాళ్లు చాలామంది.

క్లీనింగ్ పనివాళ్లకు ఒక మాట. మెట్ల తలుపు మాటిమాటికి మూసుకుపోతుందని మాప్ బకెట్ అడ్డం పెడతారు. పెద్ద భవనాల్లో అలారం మోగితే మెట్లలోకి ఫ్యాన్లు గాలిని నెట్టి, పొగ రాకుండా ఒత్తిడి నిలుపుతాయి. ఒక్క తలుపు తెరిచి ఉన్నా ఆ ఒత్తిడి పడిపోయి మెట్లు పొగగొట్టంలా మారతాయి. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే భవనంలో అగ్నిప్రమాదం జరిగి 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ప్రాణం తీసింది మంట కాదు, పొగ. ఆఫీసు కోసం నేర్చుకున్నవన్నీ మీ క్యాంపు గదికి కూడా పట్టించుకోండి. అక్కడి ఏర్పాట్లు ఆఫీసంత బాగా ఉంటాయన్న భరోసా లేదు.

ఇక ఫోను. మన దగ్గర 101, 108 నోటికొచ్చినట్టు అక్కడి నంబర్లూ రావాలి. ముఖ్యంగా ఈ రెండు దేశాలు: యూఏఈలో ఫైర్‌కు 997, అంబులెన్స్‌కు 998. సౌదీలో సరిగ్గా తిరగేసి, ఫైర్‌కు 998, అంబులెన్స్‌కు 997. దుబాయ్‌లో పనిచేసి రియాద్‌కు మారినవాళ్లు ఇక్కడే పొరబడతారు. రియాద్, మక్కా ప్రాంతాల్లో అన్నింటికీ 911 ఉంది. కువైట్‌లో 112, ఖతర్, బహ్రెయిన్‌లలో 999, ఒమన్‌లో 9999. ఫోనులో భవనం పేరు, అంతస్తు, ఏం కాలుతోంది, లోపల ఎవరైనా ఉన్నారా అన్నవి చెప్పాలి. దుబాయ్‌లో భవనం గుమ్మం దగ్గర 10 అంకెల మకానీ నంబరు పలక ఉంటుంది, అది చెబితే అడ్రసు వివరించే పని లేదు. ముందే ఫొటో తీసి ఫోనులో పెట్టుకోండి. అరబీలో మంటను హరీక్ అంటారు, బయటికి దారిని మఖ్రజ్ అంటారు. గ్యాస్‌ను గాజ్ అంటే అర్థమవుతుంది. ఈ మూడు మాటలు వస్తే సగం పని అయినట్టే.

ప్యాంట్రీ, క్యాంటీన్‌లో పనిచేసేవాళ్లు గ్యాస్ గురించి కొంచెం ఎక్కువే తెలుసుకోవాలి. ఎల్‌పీజీ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, నేలమీద పరుచుకుని కాలువల్లోకి, బేస్‌మెంట్‌లోకి దిగుతుంది. గాలిలో 2 శాతం దగ్గరికి చేరితే అంటుకోవడానికి చాలు. పైప్‌లైన్‌లో వచ్చే సహజవాయువు దీనికి తిరుగు. అది తేలిక కాబట్టి సీలింగ్ కింద చేరుతుంది. మీ వంటగదిలో గ్యాస్ లీకును పసిగట్టే డిటెక్టర్ నేల దగ్గరుంటే ఎల్‌పీజీ అని, సీలింగ్ దగ్గరుంటే సహజవాయువు అని గుర్తుపట్టొచ్చు. నేల దగ్గరున్న డిటెక్టర్‌కు అడ్డంగా బియ్యం బస్తాలు పెట్టడం మామూలుగా జరిగే తప్పు.

వాసన వస్తే స్విచ్ వేయొద్దు, ఆర్పొద్దు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా ముట్టుకోవద్దు, ఆ చిన్న మెరుపే చాలు. వాల్వ్ చేతికందేలా ఉంటే మూయండి, తలుపులు తెరవండి, మనుషుల్ని బయటికి పంపండి. ఫోను బయటికి వచ్చాకే చేయండి.

చాలా క్యాంటీన్లలో డిటెక్టర్ గానీ ఫైర్ అలారం గానీ మోగితే గ్యాస్ లైను దానంతటదే ఆగిపోతుంది. అసలు ప్రమాదం ఆ తర్వాత. పొయ్యిల మీద మంట ఆరిపోతుంది, కానీ నాబ్‌లు తెరిచే ఉంటాయి. అలారం రీసెట్ చేసి గ్యాస్ వదిలితే ఆరిపోయిన బర్నర్లన్నింటిలోంచి ఒకేసారి గ్యాస్ బయటికి వస్తుంది. కాబట్టి గ్యాస్ ఆగగానే నాబ్‌లన్నీ మూయాలి. తిరిగి వదిలేముందు ప్రతి నాబ్ చేత్తో తిప్పి చూడాలి. ఉత్తుత్తి అలారంతో సాధన చేయించే డ్రిల్ రోజున కూడా ఇది తప్పదు.

సిలిండర్ వాడే చోట ఇంటి నుంచి తెచ్చిన రెగ్యులేటర్, ట్యూబు పెట్టొద్దు. వాల్వులు దేశానికో తీరు. మరతో బిగించేవాటిలో చాలావాటికి ఎడమ మర ఉంటుంది, మామూలుగా బిగించబోతే వదులవుతుంది. లీకు చూడాలంటే సబ్బు నురుగు రాయండి, అగ్గిపుల్ల గీయకండి.

ఆర్పే సిలిండర్లన్నీ ఎర్రగానే ఉంటాయి, తేడా పట్టీ రంగులో ఉంటుంది. బ్రిటిష్ పద్ధతి వాడేచోట నీలం పట్టీ పౌడర్‌కు, నలుపు కార్బన్ డయాక్సైడ్‌కు, మీగడ రంగు ఫోమ్‌కు, పసుపు వంటనూనె మంటకు. కరెంటు మీద నలుపు వాడండి, కానీ గొట్టం చివరనున్న బూర పట్టుకోకండి, చలికి చెయ్యి కాలినంత పని అవుతుంది. నూనె మంట మీద నీళ్లు పోస్తే నీరు ఆవిరై 1,700 రెట్లు ఉబ్బి, మండే నూనెను మీ మొహం మీదికి విసురుతుంది. పొయ్యి ఆపి మూత పెట్టండి, లేదా ఫైర్ బ్లాంకెట్ కప్పండి. చేతి సిలిండర్ అర నిమిషం కూడా రాదు. ఒక్కటి ఖాళీ చేసినా ఆరకపోతే తలుపు మూసి బయటికి నడవండి.

సర్వర్ గది, రికార్డు గది శుభ్రం చేసేవాళ్లకు ఎవరూ చెప్పని ముప్పు ఒకటుంది. అక్కడ నీళ్లు కొట్టరు, గ్యాస్ నింపి ఆర్పుతారు. గుమ్మం మీద హెచ్చరిక బోర్డు, హారన్, లైటు ఉంటాయి. హారన్ మోగాక గ్యాస్ వదలడానికి చాలాచోట్ల 30 సెకన్లే గడువు. వాక్యూమ్ క్లీనర్ అక్కడే పడేసి బయటికొచ్చి తలుపు మూయండి. ఇనర్జెన్ లాంటి ఆర్పే గ్యాస్ నింపితే గదిలో ఆక్సిజన్ 12, 13 శాతానికి పడిపోతుంది. ఎఫ్‌ఎం-200 అనే ఇంకో ఆర్పే గ్యాస్ మంటను తాకితే ఘాటైన విషవాయువు పుడుతుంది. పాత భవనాల్లో కార్బన్ డయాక్సైడ్ ఉంటే అది ఇంకా ప్రమాదం, 30 శాతం దాటి నింపుతారు, ఒకట్రెండు శ్వాసల్లోనే మనిషి పడిపోతాడు. లోపల ఎవరైనా పడిపోయారని ఊపిరి బిగబట్టి పరిగెత్తకండి. గాలి సిలిండర్ కట్టుకున్న ఫైర్ సిబ్బందే పోవాలి. మురుగు మ్యాన్‌హోల్‌లోకి దిగే మెయింటెనెన్స్ వాళ్లకూ ఇదే వర్తిస్తుంది. అక్కడి హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది, పెరిగే కొద్దీ ముక్కును మొద్దుబారుస్తుంది. వాసన పోయిందంటే గ్యాస్ పోయిందని కాదు.

చలికాలంలో సెక్యూరిటీ క్యాబిన్‌లో బొగ్గుల కుంపటి పెట్టుకోవడం కూడా అంతే. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, తలనొప్పి, మగతతో మొదలై నిద్రలోనే పోతుంది ప్రాణం.

పొగ మింగినవాళ్లు ఆ పూట బాగానే ఉన్నా దవాఖానలో చూపించుకోవాలి, ఊపిరితిత్తుల వాపు కొన్ని గంటల తర్వాత బయటపడొచ్చు. డాక్టర్ కాగితం ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఈసీఆర్ (పోయేముందు ఎమిగ్రేషన్ అనుమతి కావాల్సిన) పాస్‌పోర్టుతో పోయినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది, ప్రీమియం 2 ఏళ్లకు 275 రూపాయలు, 3 ఏళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల దాకా ఇస్తుంది. పాలసీ కాగితం ఫొటో ఒకటి ఇంట్లోవాళ్ల ఫోనులో వేసి బయలుదేరండి.