బెంగళూరులో ఉంటూ కన్నడ మాట్లాడటం ఎలా?

కన్నడ వింటే తెలుగువాళ్లకు త్వరగానే అర్థమవుతుంది. చిక్కంతా నోరు విప్పినప్పుడే. రెండు భాషల్లో వాక్యం అల్లిక ఒకేలా ఉంటుంది కాబట్టి మనం తెలుగు వాక్యంలోనే కన్నడ మాటలు పెట్టి మాట్లాడేస్తాం. ఎదుటివారికి విషయం తెలిసిపోతుంది, వాళ్లు దిద్దరు, ఆ తప్పే అలవాటైపోతుంది. అందుకని తెలుగును ఆసరా చేసుకోండి, కానీ అది పక్కదారి పట్టించే చోట్లు ముందే తెలుసుకోండి.

1. వీధిలో వినబడే రూపాలతో మొదలుపెట్టండి

వెళ్తాను అనడానికి పుస్తకాల్లో ‘హోగుత్తేనె’ అని ఉంటుంది, బయట ‘హోగ్తీని’ అంటారు. ముందు ఈ వరస నోటికి రావాలి: నాను హోగ్తీని, నావు హోగ్తీవి, నీవు (మీరు) హోగ్తీర, అవను హోగ్తానె, అవళు హోగ్తాళె, అవరు హోగ్తారె, అదు హోగుత్తె. ఇవే చివర్లను మాడు (చెయ్), నోడు (చూడు), బరు (వచ్చు) మాటలకు తగిలించి పైకి చదవండి. ఇక్కడ మనకో వెసులుబాటు ఉంది. మనం, మేము అనే తేడా కన్నడలో లేదు, రెంటికీ ‘నావు’ ఒక్కటే.

2. ఆడవాళ్ల గురించి చెప్పేటప్పుడు ఆగి చెప్పండి

తెలుగువాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఆమె వచ్చింది, బస్సు వచ్చింది అని మనం రెంటికీ ఒకే క్రియ వాడతాం. కన్నడలో ‘అవళు బందళు’, ‘బస్ బంతు’ అనాలి. ‘అవళు బంతు’ అంటే మనిషిని వస్తువును చేసినట్టే, వినేవారికి చివుక్కుమంటుంది. పెద్దవాళ్లైతే ఆడామగా తేడా లేకుండా ‘అవరు బందరు’. సందేహం వస్తే ఈ గౌరవ రూపమే వాడండి, ఎక్కడా ఇబ్బంది రాదు. పిలిచేటప్పుడూ అంతే: ‘బా’ (రా), ‘కొడు’ (ఇవ్వు) వద్దు, ఆటో డ్రైవర్‌తోనైనా ‘బన్ని’, ‘కొడి’ అనండి.

3. జరిగిపోయిన పనులకు జాబితా రాసుకోండి

మాడిదె, నోడిదె, హేళిదె (చెప్పాను) లాంటివి సూత్రం ప్రకారం వస్తాయి. రోజూ వాడే మాటలే దారి తప్పుతాయి: బరు–బందె, హోగు–హోదె, కొడు–కొట్టె, తిను–తిందె, ఇడు–ఇట్టె. వీటిని విడిగా బట్టీ పట్టడం కన్నా ‘నిన్నె బందె’, ‘దుడ్డు కొట్టె’ (డబ్బు ఇచ్చాను) అని చిన్న వాక్యాలుగా నేర్చుకుంటే నిలుస్తాయి. రోజుకు రెండు మూడు క్రియలు చాలు.

4. ‘లేదు’ను విడదీయండి

లేదు అంటే ‘ఇల్ల’, కాదు అంటే ‘అల్ల’, వద్దు అంటే ‘బేడ’. ఇంతవరకు సులువే. ‘బరల్ల’ అంటే రాను, ‘బర్లిల్ల’ అంటే రాలేదు. వేగంగా అన్నప్పుడు రెండూ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి రేపటి మాటా నిన్నటి మాటా చూసుకోండి.

5. మాటల్ని ఊహించండి, ఊహను సరిచూసుకోండి

తెలుగు ‘ప’ చాలాచోట్ల కన్నడలో ‘హ’ అవుతుంది: పాలు–హాలు, పులి–హులి, పాము–హావు, పండు–హణ్ణు. ఇది గుర్తుంటే ఎన్నో మాటలు ఊరికే వచ్చేస్తాయి. అలాగని ప్రతిదానికీ వాడకండి. పేరుకు ‘హేరు’ అనరు, ‘హెసరు’ అంటారు, పుస్తకం, పూజ లాంటి సంస్కృత పదాల్లో ‘ప’ మారదు. ఒకేలా వినిపించి అర్థం మారే వాటిని వేరే పేజీలో రాసుకోండి: ‘ఊట’ అంటే భోజనం, ‘తిండి’ అంటే టిఫిన్, ‘ఇల్ల’ అంటే లేదు, ఇల్లుకు ‘మనె’.

6. అంకెలు చెవితో నేర్చుకోండి

కూరగాయల బండి దగ్గర దెబ్బతినేది ఇక్కడే. ‘ఇప్పత్తు’ ఇరవై, ‘ఎప్పత్తు’ డెబ్బై. తేడా అంతా మొదటి అచ్చులోనే. ‘ఐవత్తు’ యాభై, ‘ఎంబత్తు’ ఎనభై. ఎవరితోనైనా ఈ నాలుగూ కలగాపులగంగా చెప్పించుకుని, విన్న వెంటనే అంకె రాయండి. తప్పు లేకుండా రాయగలిగాక ‘కేజీగె ఎష్టు?’ (కేజీ ఎంత?), ‘అర్ధ కేజీ కొడి’ అంటూ బేరానికి దిగండి. మెట్రోలో ‘ముందిన నిల్దాణ’ అనగానే తరువాతి స్టేషన్ పేరు వస్తుంది, అదీ మంచి సాధనే.

లిపికి పెద్దగా సమయం పెట్టక్కర్లేదు. క, త, శ లాంటి కొన్ని అక్షరాలు, దీర్ఘాన్ని పక్కన విడిగా రాసే పద్ధతి చూసుకుంటే బస్సు బోర్డులు చదివేయవచ్చు.

7. అవతలివారు తెలుగులోకి మారితే

బెంగళూరులో చాలామంది దుకాణదారులకు తెలుగు వచ్చు. మన యాస వినగానే తెలుగులోకో హిందీలోకో దిగిపోతారు, అది వాళ్ల మర్యాద. అప్పుడు మొహమాటపడకుండా ‘కన్నడదల్లే హేళి, కలీతిద్దీని’ అనండి. కన్నడలోనే చెప్పండి, నేర్చుకుంటున్నాను అని దాని అర్థం. రోజూ కలిసే ఒకరిద్దరిని, వాచ్‌మన్ అన్నో పక్కింటి అక్కో, ‘తప్పిద్దరె తిద్ది’ (తప్పుంటే దిద్దండి) అని ముందే అడిగి పెట్టుకోండి. అడగనిదే ఎవరూ దిద్దరు. దిద్దిన వాక్యాన్ని అక్కడే మరోసారి సరిగ్గా పలకండి. తల ఊపి ఊరుకుంటే రేపు మళ్లీ అదే తప్పు వస్తుంది.