క్రీడా కుక్కకు వ్యాయామ ప్రణాళిక: బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల వారికి

ఎజిలిటీ (అడ్డంకులు దాటుతూ పరుగెత్తడం), ఒబీడియెన్స్ (ఆజ్ఞలు పాటించడం) వంటి పోటీలకు కుక్కను సిద్ధం చేయదలచినవారు ముందుగా పోటీ తేదీని క్యాలెండరులో గుర్తించి, అక్కడి నుంచి వెనక్కి లెక్కించుకుంటూ రావాలి. రోజూ నడిచే అలవాటున్న ఆరోగ్యవంతమైన కుక్కకు సుమారు 12 వారాలు సరిపోతాయి. వేసవంతా నీడపట్టున పడుకుని ఒళ్లు చేసిన కుక్కకైతే మరో నెల కలుపుకోవాలి. డిసెంబరు చివర పోటీ ఉంటే సాధన సెప్టెంబరు చివర గాని అక్టోబరు మొదట్లో గాని మొదలవుతుంది. గంజాం, గజపతి జిల్లాల్లో ఉండే మనకు ఇక్కడే ఒక చిక్కుంది. సాధన ఊపందుకోవలసిన అక్టోబరే తుఫాన్ల నెల కూడా: 2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న, 2018లో తిత్లీ పలాస వైపు తీరం దాటింది అక్టోబరు 11న. కాబట్టి ఆ నెలలో ఒక వారం పోతుందని ముందే అనుకుని, వరండాలో చేయించగల పనిని ఆ వారం కోసం విడిగా రాసి ఉంచుకోవడం మంచిది.

ప్రణాళిక రాయకముందే పశువైద్యుని చేత కీళ్లు, గుండె, పళ్లు, గోళ్లు పరీక్ష చేయించాలి. మన ప్రాంతంలో పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు ఎక్కువ కనుక, కుక్క కారణం లేకుండా నీరసంగా ఉంటే రక్తపరీక్ష కూడా అవసరమే. తుంటి ఎక్స్‌రే వంటివి కావలసినవారికి భువనేశ్వరంలోనూ, పర్లాకిమిడి వైపు వారికి గరివిడిలోనూ పశువైద్య కళాశాలలు ఉన్నాయి. వయసు విషయంలో మాత్రం తొందర పనికిరాదు. జర్మన్ షెపర్డ్, లాబ్రడార్ వంటి పెద్ద జాతుల్లో ఎముకల చివరనుండే పెరుగుదల పలకలు 12 నుంచి 18 నెలల మధ్య గట్టిపడతాయి; అంతవరకు పూర్తి ఎత్తు దూకించడం, మెట్లమీద పరుగెత్తించడం, ఎక్కువ దూరం పరుగు పెట్టించడం చేయకూడదు.

మొదటి నాలుగు వారాలు పునాదికి కేటాయించాలి. రోజుకు 20 నిమిషాల నడకతో మొదలుపెట్టి, అందులో కొంత భాగాన్ని మెల్లగా ట్రాట్‌కు, అంటే ఎదురెదురు మూలల కాళ్లు జంటగా పడే మధ్యస్థ వేగానికి, మార్చుకుంటూ పోవాలి. కుంటును పసిగట్టడానికి ఈ నడకే అనువైనది: ముందుకాలు నొప్పిగా ఉంటే, ఆ కాలు నేలను తాకినప్పుడు కుక్క తల పైకెత్తుతుంది. ఫోన్‌లో స్లో మోషన్‌లో పక్కనుంచి వీడియో తీసుకుంటే కంటికి దొరకనిది కూడా కనిపిస్తుంది. ఇక కుక్కను స్కూటరుకు కట్టి రోడ్డుమీద పరుగెత్తించే అలవాటు మన ఊళ్లలో బాగానే ఉంది. దాన్ని సాధన అనలేము. అక్కడ వేగాన్ని నిర్ణయించేది బండి. అలసినా ఆగే వీలు కుక్కకు ఉండదు, పైగా తారు దాని అరికాళ్లను ఒరిపేస్తుంది.

గోపాలపురం దగ్గర ఉండేవారికి సముద్రతీరం మంచి మైదానమే, అయితే అలలు తడిపి గట్టిపరచిన ఇసుకమీద మాత్రమే నడిపించాలి. పొడి ఇసుకలో కాళ్లు కూరుకుపోయి భుజాల మీద, కాలి కండరాల మీద భారం పడుతుంది. ఋషికుల్యా ముఖద్వారం వైపు ఆలివ్ రిడ్లే తాబేళ్లు సామూహికంగా గుడ్లు పెట్టే కాలంలో, అంటే ముఖ్యంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లోనూ, పిల్లలు బయటికి వచ్చేవరకూ, ఎంత బుద్ధిగల కుక్కనైనా అటు తీసుకుపోకూడదు. గుడ్ల గూళ్లను తవ్వడం కుక్కకు వాసన చెప్పే పని, దానికి మన ఆజ్ఞతో నిమిత్తం లేదు.

అయిదో వారం నుంచి బలం పెంచే వ్యాయామాలు కలపాలి. చాలామంది దాటవేసే భాగం ఇదే, నా అభిప్రాయంలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. నిలబడిన కుక్క బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీదే ఉంటుంది. దూకడానికి తోపు ఇవ్వవలసినవి మాత్రం వెనుక కాళ్లు. కూర్చోబెట్టి లేపడం అన్న మామూలు వ్యాయామాన్నే తీసుకోండి. కుక్క పక్కన నేలమీద కూర్చుని చూడాలి: పాదాలు రెండూ తుంటి కిందికి సర్దుకుని, మోకాళ్లు ముందుకు చూస్తూ కూర్చుందా, లేక ఒక కాలు పక్కకు జారవేసి ఒరిగి కూర్చుందా? లేచేటప్పుడు వెనుక కాళ్లు రెండూ కలిసి నెట్టాయా, లేక ముందుకాళ్లతో శరీరాన్ని ఈడ్చుకుని ఒక అడుగు ముందుకు వేసిందా? సరిగ్గా చేసినవి అయిదు చాలు; ఆరోది వంకరగా వస్తే అక్కడితో ఆపేయాలి. వెనక్కి నడిపించడం, పక్కకు అడుగులు వేయించడం, నేలనుంచి మడమ ఎత్తులో వరుసగా పేర్చిన వెదురు కర్రలను నడకతో దాటించడం, మెల్లగా వాలు ఎక్కించడం వీటికి తోడు కావాలి. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, పావుగంట చేయించినా ఫలితం ఉంటుంది. వాన వారానికి ఇవే పనికివస్తాయి, కాకపోతే నున్నటి గచ్చుమీద కాకుండా గోనెపట్టా గాని రబ్బరు చాప గాని పరిచి చేయించాలి.

దూరం, వేగం, ఎత్తు ఈ మూడింటిలో ఒక వారంలో ఒక్కదాన్నే పెంచాలి. ప్రతి నాలుగో వారం పనిని సగానికి తగ్గించాలి. కండరం బలపడేది విశ్రాంతిలోనే. వారానికి ఒక రోజైనా వాసన చూసుకుంటూ తిరిగే తీరుబడి నడక తప్ప మరేమీ ఉండకూడదు. కష్టమైన ప్రతి రోజుకూ ముందు అయిదు నుంచి పది నిమిషాల నడకతో ఒళ్లు వేడెక్కించి, చివర అంతే సేపు నెమ్మదిగా నడిపించాలి. అడ్డంకులు, మలుపులు, పూర్తి ఎత్తు దూకుళ్లు తొమ్మిదో వారం తర్వాతనే, అదీ వారానికి రెండుసార్లకు మించకుండా ఉండాలి.

కోస్తాలో అసలు శత్రువు ఉక్క. కుక్క శరీరం చల్లబడేది ప్రధానంగా రొప్పు ద్వారా. గాలిలో తేమ నిండినప్పుడు నాలుక మీది తడి ఆరదు, రొప్పు పనిచేయదు. అందువల్ల థర్మామీటరు అంకె ఒక్కటే చూసి నిర్ణయించకూడదు, సూర్యోదయానికి ముందే సాధన ముగించడం మేలు. నాలుక చివర వెడల్పై గరిటెలా వంగితే ఆ రోజుకు ఆపాలి. కుక్క మామూలు ఉష్ణోగ్రత 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. అది 41 దాటినా, కుక్క తూలినా, వాంతి చేసుకున్నా ఒంటిమీద చల్లటి నీళ్లు పోస్తూ, గాలి తగిలేలా చేస్తూ వెంటనే వైద్యుని దగ్గరికి తీసుకుపోవాలి. వైద్యశాలకు బయలుదేరకముందే నీళ్లు పోయడం మొదలుపెట్టాలి.

తిండి విషయంలో రెండు మాటలు చాలు. కడుపునిండా పెట్టిన తర్వాత కనీసం మూడు, నాలుగు గంటలు గడవనిదే కష్టమైన పని చేయించకూడదు. ఛాతీ లోతుగా ఉండే జాతుల్లో కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ప్రాణాంతకం. ఇంట్లో మిగిలిన పఖాళ (నీళ్లలో నానిన చద్దన్నం) పెట్టేవారు అందులో ఉల్లిపాయ ముక్క లేకుండా చూసుకోవాలి, ఉల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. అన్నం మాత్రమే తిని పరుగెత్తే కుక్కకు మాంసకృత్తులూ కొవ్వూ చాలవు. పక్కటెముకలు చేతికి తేలిగ్గా తగులుతూ, పైనుంచి చూస్తే నడుము కనిపిస్తూ ఉండటమే సరైన బరువుకు గుర్తు.

పోటీకి ముందు వారం కొత్తగా ఏదీ నేర్పకుండా పని సమయాన్ని సగం చేసి, వేగాన్ని మాత్రం కొద్దిగా నిలుపుకోవాలి. పోటీ అయిన మర్నాడు కట్టేసి పడుకోబెట్టకుండా పొద్దునా సాయంత్రం నెమ్మదిగా నడిపించి, ప్రతి కీలునూ వంచి చూసి, గోళ్ల మధ్య చీలికలు వెతకాలి. ఆపై రెండు వారాల పాటు దూకుళ్లు లేని నడకలే ఉంచి, మళ్లీ బరువు తూచి, తర్వాతి పోటీ తేదీ తెలిశాకే కొత్త పట్టిక రాసుకోవాలి.