గుంటూరు మిర్చి, సెగెడ్ పాప్రికా: విదేశీ కాలేజీతో ఆరు వారాల ఉమ్మడి ప్రాజెక్టు నడిపే పద్ధతి

విదేశీ కాలేజీతో ఆన్‌లైన్ ప్రోగ్రాం అనగానే మన దగ్గర జరిగేది తెలిసిందే: జ్యోతి ప్రజ్వలన, స్వాగతోపన్యాసం, ఒక గెస్ట్ లెక్చర్, చివర్లో అందరూ చేతులూపుతున్న స్క్రీన్‌షాట్. దాన్ని వెబినార్ అనండి, ఎక్స్ఛేంజ్ అనకండి. ఎక్స్ఛేంజ్ అంటే రెండు వైపుల పిల్లలు కలిసి ఒక పని చెయ్యాలి. అవతలివాళ్లు ఇచ్చే సమాచారం లేకపోతే ఇవతలివాళ్ల పని ఆగిపోవాలి. న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీ 2006లో ప్రత్యేక కేంద్రం పెట్టి ‘కాయిల్’ (COIL, అంటే వేర్వేరు దేశాల పిల్లలు ఆన్‌లైన్‌లో కలిసి నేర్చుకోవడం) పేరుతో నడుపుతున్నది ఈ పద్ధతే.

కాబట్టి ముందు టాపిక్ తేల్చుకోండి. గుంటూరు కాలేజీకి హంగరీలోని సెగెడ్ మంచి జోడీ. వాళ్ల పాప్రికాకూ (అక్కడి ఎర్ర మిరప, దాని పొడి) మన మిర్చికీ పుట్టిల్లు అమెరికా ఖండాలే. విజయవాడ వాళ్లయితే వరద తీసుకోవచ్చు: సెగెడ్‌ను 1879లో టిసా నది ముంచేసింది, సింగ్ నగర్‌ను 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచింది. ‘సంస్కృతి, సంప్రదాయాలు’ మాత్రం వద్దు. ముగ్గుల ఫొటోలూ క్రిస్మస్ చెట్ల ఫొటోలూ అయిపోయాక మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు.

మిర్చి తీసుకుంటే పని ఇలా పంచండి. మన పిల్లలు మిర్చి యార్డుకెళ్లి తేజ, 334 రకాలకు క్వింటాలు ధరెంత, టిక్కీ (మిర్చి బస్తా) ఎంత బరువు తూగింది, తాలు కాయకు (రంగు పోయిన కాయకు) ధరలో ఎంత కోస్తున్నారు అని రైతులనూ కమీషన్ వ్యాపారులనూ అడిగి రాసుకురావాలి. వాళ్లు తమ ఊరి దుకాణాల్లో తీపి పాప్రికా, కారం పాప్రికా ప్యాకెట్ల ధరలు, ప్యాకెట్ మీద రాసిన వివరాలు తేవాలి. చివరికి ఒక్కో గ్రూపు ఒక పట్టిక, రెండు పేజీల వివరణ ఇస్తే చాలు. ఫిబ్రవరిలో మొదలుపెడితే యార్డు నిండుగా ఉంటుంది. వాళ్ల కోత సెప్టెంబరు, అక్టోబరుల్లో కనుక ఫిబ్రవరిలో వాళ్లను పొలం ఫొటోలు అడగొద్దు.

అంకెల దగ్గర తప్పకుండా తికమక పడతారు. హంగరీలో 1,5 అని రాస్తే ఒకటిన్నర. మనం 1,50,000 అని రాస్తే ఆ కామాలు ఎందుకున్నాయో వాళ్లకు అర్థం కాదు. అందుకే మొదటిరోజే ఒక నియమం పెట్టండి: బరువు కిలోల్లో, ధర కిలోకి, కామాలు లేకుండా. తేదీలో నెలను అక్షరాల్లో రాయాలి.

ఇక టైము. చలికాలంలో హంగరీ మనకంటే నాలుగున్నర గంటలు వెనక. మన మధ్యాహ్నం 2:30 వాళ్లకు ఉదయం 10. మార్చి చివరి ఆదివారం వాళ్లు గడియారం గంట ముందుకు జరుపుతారు. ఆ మర్నాటి నుంచి వాళ్ల 10 గంటల క్లాసు మనకు 1:30కి పడుతుంది, అంటే సరిగ్గా లంచ్ బెల్ అప్పుడు. ఈ మార్పును షెడ్యూల్లో ముందే రాసిపెట్టుకోకపోతే ఆ వారం సెషన్ గల్లంతే. అమెరికా తూర్పు తీరం వాళ్లతో పెట్టుకుంటే వాళ్ల ఉదయం 9 చలికాలంలో మనకు రాత్రి 7:30. కాలేజీ బస్సు ఎక్కి తెనాలి, గుడివాడ వెళ్లిపోయే డేస్కాలర్లకు అది కుదరదు. మిడ్ పరీక్షల వారం, వాళ్ల మార్చి 15 జాతీయ సెలవు, ఈస్టర్ కూడా షెడ్యూల్లోంచి ముందే కొట్టేసుకోండి.

గ్రూపుకు ఆరుగురు: ముగ్గురు మనవాళ్లు, ముగ్గురు వాళ్లు. మన సెక్షన్లో అరవై మంది ఉండి వాళ్ల క్లాసులో ఇరవై మందే ఉన్నారని అందరినీ కాల్‌లో కూర్చోబెట్టకండి. మిగతావాళ్లు యార్డులో సమాచారం సేకరించే జట్టుగా ఉంటారు, మార్కులు వాళ్లకూ వస్తాయి. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లనే కాల్‌కు ఏరితే నలుగురే మాట్లాడతారు. అసలు ఇంగ్లిష్ అవతలివాళ్లకూ సొంత భాష కాదు, ఆ మాట పిల్లలకు ముందే చెబితే సగం బెరుకు పోతుంది.

మొదటి వారం లైవ్ వద్దు. ఒక్కొక్కరు తొంభై సెకన్ల వీడియో పెట్టాలి, అందులో వాళ్ల వంటింట్లోని కారం డబ్బా చూపించాలి. రెండో వారం మొదటి లైవ్ యాభై నిమిషాలు: పలకరింపులకు ఐదు, గ్రూపు గదుల్లో ముప్ఫై, తిరిగొచ్చాక పదిహేను. జూమ్ ఉచిత ఖాతా నలభై నిమిషాలకే ఆగిపోతుంది, కాలేజీ లైసెన్సు వాడండి.

లైవ్‌కు ముందు పేర్లు సరిచేయించండి. తెర మీద ఒకరిది రోల్ నంబరు, ఇంకొకరిది ఫోన్ మోడల్ పేరు ఉంటే అవతలివాళ్లు ఏమని పిలుస్తారు? పిలవాల్సిన పేరు ఒక్కటే పెట్టించండి. హంగరీవాళ్లూ మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు, మాట కలపడానికి ఇదొక్కటి చాలు. ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ అనొద్దని చెప్పండి. మనకది సందేహం, వాళ్లకది మీ మాట నమ్మట్లేదన్నట్టు వినిపిస్తుంది.

ఒకే ల్యాబ్‌లో పాతికమంది మైకులు తెరిస్తే చెవులు గింగిర్లెత్తే ఊళ వస్తుంది. గ్రూపుకో గది లేదా వరండా మూల, అందరికీ వైరున్న ఇయర్‌ఫోన్లు ఉండాలి. కరెంటు పోతే కంప్యూటర్లు యూపీఎస్ మీద ఆగకుండా నడుస్తాయి కానీ వైఫై రూటరుకు చాలాచోట్ల బ్యాకప్ ఉండదు. ముందు రోజు మెయిన్ ఆపి చూడండి. గ్రూపుకో ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచండి, వీడియోకు గంటకు సుమారు 1 జీబీ లెక్కేసుకోండి.

ఇంటర్నల్స్‌లో మార్కులు పెట్టకపోతే మూడో వారానికి సగం మంది రారు. రికార్డింగుకు రెండు వైపులా రాతపూర్వక అనుమతి తీసుకోండి, యూరప్‌లో ఆ నిబంధన గట్టిది. ఫైళ్లన్నీ డిపార్ట్‌మెంటు ఖాతాలో ఉంచండి. పిల్లల మెయిల్ ఐడీల్లో ఉంటే కోర్సు అయ్యాక ఆ ఐడీలతోపాటే పోతాయి, వచ్చే ఏడాది బ్యాచ్‌కు పోల్చుకోవడానికి పాత ధరలు ఉండవు.