పాత క్యామ్ ఉంచాలా, తీసేయాలా: ఎలా తేల్చుకోవాలి?

రాయగడ, కొరాపుట్, పర్లాకిమిడి వైపు రాళ్లెక్కేవాళ్లకు గేర్ ఎక్కువగా పార్సిల్లోనే వస్తుంది. అందులో ముఖ్యమైనది క్యామ్: రాతి బీటలో పెడితే దాని రెక్కలు తెరుచుకుని రెండు గోడల్నీ పట్టుకుంటాయి, తాడు దానికి తగిలిస్తారు, పడితే ఆపేది అదే. రెక్కల్ని మూసే మీట ట్రిగ్గర్, తలను మోసే తీగ కాడ. పుణేలోనో బెంగళూరులోనో ఎవరో అమ్మకానికి పెడతారు, ఇక్కడ నలుగురు డబ్బులేసుకుని సెట్టు మొత్తం తెప్పించుకుంటారు. పెట్టె విప్పగానే ట్రిగ్గర్ రెండుసార్లు లాగడం, "బాగానే ఆడుతోంది" అని బ్యాగులో పడేయడం. ట్రిగ్గర్ ఆడటం వేరు, మనిషి పడినప్పుడు క్యామ్ ఆగడం వేరు. ఇంకా విచిత్రమేమిటంటే, ట్రిగ్గర్ తీగ తెగిందని మంచి క్యామ్‌ని మూలన పడేసి, కాడ మెలిపడినదాన్ని నిక్షేపంగా వాడేవాళ్లున్నారు.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. పాత టూత్‌బ్రష్, గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బు, గుప్పెడు దూది, భూతద్దం. ముందు కడగండి, ఆరాక చూడండి. ట్యూబులైటు కింద చూడకూడదు. పొద్దున్న ఎండ ఏటవాలుగా పడే వేళ వసారాలో కూర్చుని చూడాలి, సన్నని గీత కూడా అప్పుడే నీడతో సహా తేలుతుంది.

కారబినర్లు, నట్లు

ఇది ఐదు నిమిషాల పని. కారబినర్‌లో (తాడు తగిలించే గేటున్న లోహపు కొక్కెం) తాడు నడిచే వంపు దగ్గర గాడి 1 మి.మీ. కన్నా లోతుగా ఉంటే తీసేయండి. గాడి అంత లోతు లేకపోయినా దాని అంచు గోటికి పదునుగా తగిలితే తీసేయండి, అది తాడును కోస్తుంది. గేటు వదిలితే దానంతటదే టక్కున మూసుకోవాలి. కడిగినా సగంలో ఆగుతుంటే వద్దు. మామూలు కారబినర్‌కి ప్రమాణం అడిగే బలం గేటు మూసి ఉంటే 20 కిలోన్యూటన్లు (ఒక్కోటి సుమారు 100 కిలోల బరువు), తెరిచి ఉంటే 7 మాత్రమే.

నట్ అంటే బీటలో ఇరికించే, తీగ ఉన్న లోహపు ముక్క. దాని తీగ మీద దూదిని అటూ ఇటూ లాగండి. తెగిన పోగుంటే దూదిని పట్టేస్తుంది. ఒక్క పోగు తెగినా, తల దగ్గర తీగ మడత పడినా నట్ పనికిరాదు. తల మీది గీతలు చూసి భయపడక్కర్లేదు.

స్లింగ్: చూడొద్దు, మార్చేయండి

కొందరు స్లింగ్‌ని (క్యామ్‌కి కుట్టి ఉండే గుడ్డ పట్టీ) వేళ్లతో నలిపి, వాసన చూసి మరీ తీర్పు చెబుతారు. పోగులు లేవడం, కుట్టు ఊడటం, రాపిడికి కరిగి గాజులా మెరవడం, ఇవన్నీ కనిపించే జబ్బులు. కనిపించనిదాని సంగతి? మన ఇళ్లలో ఇలాంటి బ్యాగు పెట్టేది మెట్ల కింద, ఇన్వర్టర్ పక్కన. ఆ బ్యాటరీలో ఉండేది సల్ఫ్యూరిక్ ఆసిడ్. అది తగిలిన నైలాన్ రంగు మారకుండా, చేతికి మెత్తగానే ఉంటూ బలం పోగొట్టుకోగలదు. అమ్మినవాళ్లింట్లో బ్యాగు ఎక్కడుండేదో మీకెలా తెలుస్తుంది? బాత్‌రూమ్ కడిగే ఆసిడ్ సీసా పక్కనే ఉండి ఉండొచ్చు. లేబుల్ మీద తయారైన ఏడాది చదవండి. వాడకపోయినా గుడ్డ భాగాలకు 10 ఏళ్లే గరిష్ఠమని ఎక్కువమంది తయారీదారులు చెబుతారు. అయిదేళ్లు దాటిన పరాయి స్లింగ్‌ని అసలు నమ్మకూడదు.

క్యామ్‌కి కొత్త స్లింగ్ కుట్టించడం తయారీదారు దగ్గరో, వాళ్లు ఒప్పుకున్న సర్వీసులోనో జరగాలి. ఊళ్లో చెప్పులు కుట్టే ఆయన ఎంత పనిమంతుడైనా ఇది ఆయన పని కాదు. ఆ ఖర్చు కూడా కలుపుకుని బేరమాడండి.

క్యామ్ తల

ఇక్కడే తొందర పడకూడదు. ఒక్కో క్యామ్‌కి పది నిమిషాలైనా కేటాయించాలి.

ట్రిగ్గర్ పూర్తిగా లాగి మెల్లగా, చాలా మెల్లగా వదలండి. నాలుగు రెక్కలూ కలిసి తెరుచుకోవాలి. ఒకటి వెనకబడితే వెంటనే తప్పు పట్టకండి. కొరాపుట్ ఎర్రదుమ్ము ఇరుసులోకి దూరితే కొత్త క్యామ్ కూడా అలాగే మొరాయిస్తుంది. స్లింగ్ తడవకుండా పట్టుకుని తల వరకు సబ్బునీళ్లలో ముంచి, ట్రిగ్గర్‌ని ముప్పైసార్లు ఆడించి, బ్రష్‌తో రుద్ది, మంచినీళ్లతో కడిగి నీడన ఆరబెట్టండి. తర్వాత మైనం కలిసిన క్యామ్ లూబ్ ఇరుసుకు మాత్రమే రాయండి. కుట్టుమిషన్ నూనె, కొబ్బరినూనె వద్దు, వారం తిరిగేసరికి దుమ్మంతా దానికే అంటుకుంటుంది. రెక్కల పళ్ల మీద ఏ నూనే మిగలకూడదు. క్యామ్ పనిచేసేదే రాపిడి మీద.

ఇంత చేసినా ఆ రెక్క వెనకబడుతూనే ఉంటే ఇరుసు వంగిందేమో చూడాలి. క్యామ్‌ని పక్కకు తిప్పి ఇరుసు కొస వైపు నుంచి చూడండి. ఒక జత రెక్కలు రెండో జతకు సమానంగా వాలాలి. ట్రిగ్గర్ సగం లాగి ఆపండి. ఇరుసు వంగితే రెక్క పక్కదాన్ని రాసుకునేది తరచూ ఈ సగం దూరంలోనే. పూర్తిగా తెరిచినప్పుడు అమాయకంగా కనిపిస్తుంది. పక్కకు కాస్త ఊగడం సహజం. కానీ రెక్కను ఇరుసు వైపు నొక్కి వదిలితే లోపల కదలిక తెలిసిందంటే, రంధ్రం సాగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చిందన్నమాట. దానికి మరమ్మతు లేదు.

తర్వాత రెక్కల వంపు. అది ఇష్టమొచ్చినట్టు గీసింది కాదు. రాతిని ఎక్కడ తాకినా ఒకే కోణంలో తాకేలా లెక్కగట్టిన సర్పిలం. 1970ల చివర్లో వచ్చిన రే జార్డైన్ క్యామ్‌లు 'ఫ్రెండ్స్'లో ఆ కోణం 13.75 డిగ్రీలు. రెక్క మీద ఒకచోట చదునుగా అరిగితే అక్కడ కోణం మారిపోతుంది, పట్టు తప్పుతుంది. గోటిని వంపు వెంట లాగండి. పళ్లు వరసగా గుచ్చుకుంటూ పోవాలి. ఒకచోట నున్నగా జారితే ఆ క్యామ్ తీసేయండి. ఆకురాయి పట్టి కొత్త పళ్లు పెట్టే తెలివితేటలు వద్దు. అంచున లేచిన చిన్న ముల్లును సన్న ఎమరీ కాగితంతో తీయొచ్చు, అంతే.

రెక్కల చివర ఆపే గడియల దగ్గర సొట్టలుంటే, ఆ క్యామ్ ఎప్పుడో గొడుగులా వెనక్కి తిరగబడి బరువు మోసిందని అనుమానించాలి.

చివరగా కాడ. రెండు చేతులతో పట్టుకుని యు ఆకారంలో వంచి వదలండి. నిటారుగా తిరిగి రావాలి. ఒకేచోట మెలి మిగిలిపోతే లోపలి తీగలు దెబ్బతిన్నాయని లెక్క. ప్లాస్టిక్ తొడుగున్నవాటిని వేళ్ల మధ్య నొక్కుతూ పోండి, ఉబ్బో గట్టి ముల్లో తగులుతుందేమో. కాడ తలలోకి దిగేచోట భూతద్దం పెట్టండి. ఒక్క పోగు తెగినా, గోధుమరంగు తుప్పు లోపలి నుంచి ఊరుతున్నా ఇక చర్చ లేదు. ట్రిగ్గర్ తీగలు మాత్రం వేరు. అవి రెక్కల్ని మూయడానికే, బరువు మోయవు. తెగితే తయారీదారుల కిట్‌తో మార్చుకోవచ్చు. అలాంటి క్యామ్ చవగ్గా దొరికితే అదృష్టమే.

బీటలో పెట్టి వేలాడి "ఆగింది" అనేవాళ్లకు ఒక మాట. 70 కిలోల మనిషి వేలాడితే పడేది 0.7 కిలోన్యూటన్లే. తాడు ప్రమాణం పరీక్షలో పడే మనిషి మీదకు 12 కిలోన్యూటన్ల వరకు అనుమతిస్తుంది. పై క్యామ్ మీద తాడు రెండువైపులా లాగుతుంది కాబట్టి అక్కడ ఇంకా ఎక్కువ. వేలాడి చూడటం పరీక్ష కాదు.

బరంపురం వాళ్లు మరొకటి చూడాలి. గోపాల్‌పూర్ గాలి తగిలిన గేర్‌ని కడగకుండా పెట్టెలో పెడితే అల్యూమినియం మీద తెల్లపొడి లేస్తుంది. పొడి తుడిస్తే పోతే సరే. కింద గుంటలు కనిపిస్తే వద్దు. అన్నిటికన్నా చిన్న సైజు క్యామ్‌లు పాతవి కొనకూడదు. వాటి బలమే తక్కువ, ఇక అరుగుదలకు మిగిలే వాటా ఏముంటుంది?

పార్సిల్‌కి ముందే నాలుగు ఫొటోలు అడగండి: రెక్కల పక్క నుంచి, ఇరుసు కొస నుంచి, కాడ తలలోకి దిగేచోటు, స్లింగ్ లేబుల్. "పెద్దగా పడలేదండీ" అన్న మాటకు విలువ ఇవ్వకండి. ఆ బ్రాండ్ వెనక్కి పిలిచిన మోడళ్ల జాబితా కూడా వాళ్ల సైట్‌లో చూసుకోండి.

తీసేసినదాన్ని పాత సామాన్లవాడికి అలాగే ఇవ్వకండి, మళ్లీ ఎవరి బ్యాగులోకో చేరుతుంది. స్లింగ్ కోసేసి, యాక్సా బ్లేడుతో రెక్కలూ, కాడా తెగ్గోసి అప్పుడు ఇవ్వండి.